తడికకు అవతల లాడాల పాక

మా అల్లుడికి పాత వస్తువుల పిచ్చి. నెల్లూరులో ఏ పాత ఇనప సామాన్ల కొట్టు ముందు బండి ఆపినా, ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒక తుప్పుముక్క ఉంటుంది. మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి చెప్పులు విడిచేసరికి, వరండాలో పేపరు పరిచి దాని మీద ఒక గోనెసంచి బోర్లించుకుని కూర్చున్నాడు. అన్నీ చేతి పనిముట్లే. వడ్రంగి సామాన్లని చెప్పి ఇచ్చాడట కొట్టతను. ఫోనులో బొమ్మ తీసి వెతికితే తోటపనివి అని వచ్చిందట. ఏవైతేనేం, తుడిచి గోడకి తగిలిస్తే బాగుంటాయని మా అల్లుడి ఆలోచన.

నేను కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాను.

ముందు సుత్తి. వడ్రంగి సుత్తికి తల బరువుగా ఉంటుంది. దీని తల చిన్నది, తేలిక. వెనకవైపు రెండుగా చీలిన కొమ్ములు కురచగా ఉన్నాయి. ఆ కొమ్ములు గిట్టలోంచి బయటికి పొడుచుకొచ్చిన మేకు మొనని మెలితిప్పి తుంచడానికి. దాని పక్కన వెడల్పాటి ఆకురాయి, ఒక పక్క మోటు పళ్ళు, ఇంకో పక్క సన్నవి. కొస వంకర తిరిగిన పొట్టి కత్తి, గిట్ట అడుగు చెక్కేది. ఉలి అనుకుని మా అల్లుడు సానపట్టించబోతున్నది అసలు ఉలే కాదు. దానికి పదును ఉండకూడదు. పాత లాడం ఊడదీసే ముందు, వంచి కొట్టిన మేకుల కొసల్ని కింద నుంచి ఎత్తడానికి పనికొస్తుంది. చివరిది పట్టకారు, రెండు పెదాలూ గుండ్రంగా వచ్చి కలుసుకునేది. ఇవన్నీ గుర్రాలకి లాడాలు కొట్టేవాళ్ళ సామాన్లు.

ఒక్కోటీ తీసి చెబుతుంటే మా అల్లుడు నోరు తెరుచుకుని విన్నాడు. "ఇవన్నీ మీకెట్టా తెలుసత్తా? మీ నాయన నేర్పించినాడా?" అని అడిగాడు.

"నాకు కాదు" అన్నాను.

ఆ మాట మామూలుగానే అందామనుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మా అమ్మాయి లోపలి నుంచి తొంగి చూసింది.

మాది మనుబోలు దగ్గర, ట్రంకు రోడ్డు వార ఒక ఊరు. వీశెలు పోయి కిలోలు వచ్చిన కొత్తల్లో, అంగట్లో ముసలివాళ్ళు ఇంకా వీశెల లెక్కే అడిగి తగాదా పడుతున్న రోజులు. రైలు దిగినవాళ్ళు చుట్టుపక్కల పల్లెలకి పోవాలంటే జట్కాలే దిక్కు. ఆ జట్కా గుర్రాలన్నిటికీ, బండ్లు లాగే ఎద్దులకీ లాడాలు కొట్టేది మా నాయన. దొరల లాయంలో మా తాత నేర్చుకున్న పని అది.

ఇంటి వెనక తాటాకు పాక. పాకకీ ఇంటికీ మధ్య తడిక. తడికకు ఇవతల మా అమ్మ రాజ్యం, పొయ్యి, రోలు, చాప మీద ఎండే నెత్తళ్ళ చేపలు. అవతల నాయన రాజ్యం, బొగ్గుల కొలిమి, ఇనుము సాగగొట్టే దాగలి, వాసానికి దండలుగా వేలాడే లాడాలు. ఎర్రగా కాలిన లాడాన్ని కొలత కోసం గిట్టకి ఒకసారి తాకించగానే బుస్సుమని తెల్లటి పొగ లేచేది. వెంట్రుకలు కాలినట్టు వాసన. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. నాకు మాత్రం ఆ వాసన వస్తే నాయన ఊళ్ళోనే ఉన్నాడని ధైర్యంగా ఉండేది. పగిలిన గిట్టలకి రాసే ఆముదం, గుర్రాల చెమట, సంచుల్లో ఉడికించి తెచ్చిన ఉలవ గుగ్గిళ్ళు, అన్నీ కలిసిన ఒక వాసన ఆయన చొక్కాకి ఎప్పుడూ ఉండేది. జట్కావాళ్ళు చూడకుండా నేను ఆ సంచుల్లో చెయ్యి పెట్టి గుగ్గిళ్ళు తినేదాన్ని. ఉప్పు లేకపోయినా రుచిగానే ఉండేవి.

నాయన మాటలు తక్కువ మనిషి. ఉన్న నాలుగు మాటలూ గుర్రాలతోనే మాట్లాడేవాడు. ముందుకాలు వెనక్కి మడిచి తన తొడల మధ్య ఇరికించుకుంటూ, "పాదం ఇయ్యి తల్లీ, నాకియ్యి" అనేవాడు. ఇంట్లో మమ్మల్ని ఎవర్నీ ఆయన తల్లీ అని పిలవగా నేను వినలేదు. అందుకని నా మొదటి ఈర్ష్య ఆడగుర్రాల మీద.

నేను ఆ పాకలోకి పోకూడదు. అది అమ్మ పెట్టిన కట్టడి. ఏ గుర్రమైనా మొగం మీద తన్నితే రేపు ఈ పిల్లని ఎవరు చేసుకుంటారని ఆమె బెంగ. నాయన దాని మీద ఏమీ అనేవాడు కాదు, అంటే ఒప్పుకున్నట్టే. మజ్జిగ చెంబు తీసుకుపోయినా తడిక సందులోంచి అందించి వెనక్కి రావాలి. నేను ఒక్కదాన్నే బిడ్డని. ఇంట్లో ఇంకెవరితోనూ దేనికీ పోటీ లేదు. ఆ తడిక ఒక్కటే నాకు అడ్డం.

మామిడికాయల కాలంలో మా అత్త చనిపోయింది, నాయనకి ఒక్కగానొక్క చెల్లెలు. తల్లిదండ్రులు పోతే ఈయనే ఎత్తుకుని పెంచాడట. గూడూరులో మిఠాయి కొట్టు ఆయనకి ఇచ్చి చేశారు. జ్వరంతో పోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకి ఆ మామ తన కూతుర్ని రేకుపెట్టెతో సహా మా ఇంట్లో దింపి, కొట్టు చూసుకుంటూ పిల్లని చూసుకోలేకపోతున్నానని చెప్పి సాయంత్రం బండికే వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల నాకంటే కొన్ని నెలలే పెద్ద. అయినా మేనత్త కూతురు, పెద్దది కాబట్టి "వదినా" అని పిలవాల్సిందే అంది అమ్మ. సన్నగా, ఎండిన పుల్లలా ఉండేది. మొహం మాత్రం అచ్చు మా అత్తదే. నాయన గడపలో నిలబడి ఆ మొహాన్ని చూసిన చూపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నావైపు ఆయన ఎప్పుడూ అట్లా చూడలేదు. రోజూ ఉండే బిడ్డని అట్లా ఎందుకు చూస్తారు?

ఆ రాత్రి మామిడికాయ వేసిన చేపల పులుసు. చేప తలకాయ ఎప్పుడూ నాది. అడుక్కి పోయినా నాయనే గరిటతో వెతికి నా కంచంలో వేసేవాడు. ఆ రోజు వదిన కంచంలో వేశాడు. ఆమెకి దాన్ని ఎట్లా తినాలో కూడా తెలియలేదు, చిదిమి పక్కన పెట్టింది. నేను ఆ తలకాయనే చూస్తూ అన్నం తిన్నాను.

స్టేషను దగ్గర జట్కా తోలే సాయిబుకి ఒక బూడిదరంగు ఆడగుర్రం ఉండేది. మహా పొగరుది. దానికి లాడం కొట్టాలంటే పైపెదవికి తాడు ఉచ్చు వేసి కర్రతో మెలిపెట్టాలి. ఆ నొప్పికి అది కాళ్ళ సంగతి మరిచిపోతుంది. నాయనకి ఆ పని ఇష్టం ఉండేది కాదు, కానీ అది తప్పితే దారి లేదు. ఒక పొద్దున సాయిబు కర్ర పట్టుకుని దాంతో పెనుగులాడుతుంటే, వదిన మజ్జిగ చెంబుతో తడిక దాటి నేరుగా దాని మెడ కిందికి నడిచిపోయింది. కట్టడి సంగతి ఆమెకి తెలియదు మరి. చెంబు కింద పెట్టి, దాని ముక్కుపుటాల మధ్య మెత్తటి చోట అరచెయ్యి ఆనించింది. గుర్రం ఒకసారి గట్టిగా ఊపిరి వదిలి తల దించింది.

నేను తడిక దగ్గరే నిలబడి చూస్తున్నాను. నాయన సాయిబుతో ఆ ఉచ్చు తీసెయ్యమన్నాడు. తర్వాత వదినవైపు తిరిగి, "అట్నే పట్టుకో తల్లీ" అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి కేకలేసింది. పరాయి పిల్ల, ఏమన్నా అయితే వాళ్ళ నాయనకి ఏం చెప్పాలంది. అమ్మ మాటకి నాయన ఎదురు చెప్పడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. "దానికేం కాదులే. అది మా చెల్లెలి చెయ్యి" అన్నాడు. అమ్మ వెనక్కి వచ్చి పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. అవసరానికి మించి ఎగదోసింది.

ఆ రోజు నుంచి వదిన పాకలో మనిషి అయిపోయింది. నాయన పని చేస్తుంటే గుర్రం తల పట్టుకునేది, పనిముట్లు అందించేది. ఆయన ఆమెకి ఒక్కోటీ చూపించి చెప్పేవాడు. మాటలు లేని మనిషికి అన్ని మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అర్థమయ్యేది కాదు. నేను తడికలో వేలు దూర్చి సందు పెద్దది చేసుకుని, ఇవతల కూర్చుని వినేదాన్ని. ముందు మొద్దు ఉలి, తర్వాత పట్టకారు, తర్వాత వంకీ కత్తి, ఆకురాయి, చివర సుత్తి. ఆయన చూడకుండా చెయ్యి చాపితే ఆమె చేతిలో పెట్టేది. నేను తడిక వెనక నుంచి మనసులోనే అందించేదాన్ని, ఆమెకంటే ముందే అందించేదాన్ని.

మేకుకి ఒక మొహం ఉంటుందని అట్లాగే తెలుసుకున్నాను. గుర్తున్న పక్క లోపలికి తిప్పి కొడితే మొన వంపు తిరిగి గిట్ట గోడలోంచి బయటికి వస్తుంది. తిరగబడితే లోపలి కండలోకి పోతుంది, గుర్రం కుంటిదవుతుంది. కళ్ళకంటే చెవి ముఖ్యమని చెప్పేవాడు నాయన. గట్టి గిట్టలో దిగే మేకు మోగుతూ దిగుతుందట. కండవైపు పోయే మేకు చప్పుడు మధ్యలో చచ్చిపోతుందట. తడిక వెనక నాకు కనపడేది తక్కువ. అందుకని ఆ చప్పుళ్ళే పట్టుకుని కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం చర్చి వదిలాక, సాయిబు గుర్రం స్టేషను దగ్గర చెట్టుకి కట్టేసి ఉంది. నాకు కొత్త గౌను, కొత్త రిబ్బను. గుప్పెట్లో బెల్లం ముక్క పట్టుకుని పోయి, వదిన పెట్టినట్టే దాని ముక్కు మీద అరచెయ్యి పెట్టాను. అది బెల్లం తిన్నది. తర్వాత నా గౌను నిండా చీది, రిబ్బను పట్టుకుని నమలడం మొదలుపెట్టింది. సాయిబు కింద కూర్చుని మరీ నవ్వాడు. ఏడుస్తూ ఇంటికొస్తే వదిన నన్ను అమ్మ కంట పడనీయకుండా దొడ్డిదారిన లాక్కెళ్ళి, గౌను ఉతికి, రిబ్బను పిండి కంచె మీద ఆరేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆమె మీద నాకు ప్రేమ కలగాలి కదా. కలగలేదు. గుర్రమూ ఆమెదే, మంచితనమూ ఆమెదేనా అని ఇంకొంచెం కుళ్ళు పెరిగింది.

వానలు పడబోయే ముందు ఒక రోజు, నాయన అదే గుర్రానికి వెనకకాలు లాడం కొడుతున్నాడు. వదినకి వాళ్ళమ్మ చిన్నప్పటి సంగతి ఏదో చెబుతున్నాడు, తాటిముంజల కోసం ఏడిస్తే రాత్రికి రాత్రే దూరపు తోపుకి పోయి తెచ్చిన సంగతి. చెబుతూ నవ్వుతున్నాడు. నవ్వుతూనే సుత్తి వేస్తున్నాడు. నేను తడిక వెనక చింతపండు పిక్కలు తీస్తున్నాను. టంగు టంగుమని మోగుతున్న మేకు ఉన్నట్టుండి మూగబోయింది.

"నాయనా, ఆ మేకు తియ్యి" అని అరిచాను.

సుత్తి గాల్లోనే ఆగింది. పట్టకారుతో మేకు లాగితే మొన తడిగా, ఎర్రగా ఉంది. ఇంకొక్క దెబ్బ పడి ఉంటే సాయిబు బతుకు కుంటిదయ్యేది. సాయిబు రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ణి తలుచుకున్నాడు. నాయన మేకు రంధ్రంలో పసుపూ ఆముదమూ నింపి, లేచి, తడికవైపు చూసి, "ఎవరు అరిచింది?" అన్నాడు.

నేను పిక్కలు తీస్తూనే ఉన్నాను. నా గొంతు ఆయనే పోల్చుకోవాలని నా పట్టుదల. వదిన, "నా మరదలు, మామా" అంది.

నాయన తలాడించాడు. తర్వాత ఆమె భుజం తట్టి, ఆమె గట్టిగా పట్టుకోబట్టి గుర్రం కాలు విదిలించలేదని, లేకపోతే మేకు లోపలే విరిగేదని అన్నాడు. అది నిజమే. నిజం కావడం వల్లే నాకు ఆ పూట అన్నం దిగలేదు.

దీపావళి దాటి వానలు మొదలయ్యాక గూడూరు నుంచి ఆ మామ వచ్చాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట. ఇంట్లో చంటిబిడ్డ రాబోతున్నాడు, పనికి మనిషి కావాలి, ఆడపిల్ల తండ్రి దగ్గర ఉండడమే మర్యాద అన్నాడు. తెచ్చిన మైసూరుపాకు పొట్లం ఎవరూ విప్పలేదు. వదిన పోయి పాకలో బొగ్గుల బస్తాల వెనక కూర్చుంది. పిలిచినా బయటికి రాలేదు. ఆలోచించి మర్నాడు చెబుతానన్నాడు నాయన.

మర్నాడు పొద్దున అమ్మ పెరట్లో మడవ చేపలు తోముతోంది. నేను బూడిద అందిస్తూ, వదిన వెళ్ళిపోతుందా అని అడిగాను. అమ్మ తల ఎత్తకుండా, ఆ పిల్ల పోవాలని ఉందా నీకు అని ఎదురు అడిగింది. నేను ఇంకో గుప్పెడు బూడిద అందించాను. ఆమె పొలుసు గీకుతూనే ఉంది. తర్వాత చాలా నెమ్మదిగా చెప్పింది.

"నేను కాపరానికి వచ్చినప్పుడు మీ అత్తని చూసి ఎంత ఏడ్చుకున్నానో నీకేం తెలుసు మే. కూరలో ఉప్పు కూడా ఆ పిల్లని అడిగే వేసేది ఈ ఇంట్లో. పెళ్ళయి పోతే నెమ్మదనుకున్నా. పోయినాక మీ నాయనకి ఇంకా ఎక్కువైపోయింది. సచ్చిపోయినాక చెప్పనే అక్కర్లా. ఎదురుగా ఉండే మనిషితో అయితే పోట్లాడొచ్చు. లేని మనిషితో ఎట్టా పోట్లాడేది?"

అమ్మకి కూడా నాలాంటిదే ఒక జబ్బు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె చేప కడుపు చీల్చి కడిగి, చేతులు తుడుచుకుని లేచిపోయింది.

కాసేపటికి నాయన నన్ను తడిక అవతలికి రమ్మన్నాడు. నేను ఆ పాకలో మొదటిసారి అడుగు పెట్టడం అదే. వాన వల్ల కొలిమి వెలిగించలేదు. బస్తాల వెనక వదిన పావడా అంచు కనపడుతోంది. పనిముట్లు బల్ల మీద వరసగా ఉన్నాయి, నా చేతికి అందేంత దగ్గర. నాయన దాగలి పక్కన గొంతుకూర్చుని, నా మొహానికి సమానంగా మొహం పెట్టి అడిగాడు.

"ఆ పిల్లని ఉంచుకుందామా? నీ కూట్లో సగం, నీ గుడ్డల్లో సగం పోతాది. నువ్వు సరేనంటేనే."

దయతో ఒప్పుకున్నానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. అప్పుడు నాకు దయ గుర్తుకు రాలేదు. వదిన రైలెక్కి పోయాక నాయన ఎట్లా ఉంటాడో కనపడింది. గుర్రం తల ఇంకెవరో పట్టుకుని ఉంటే ఆయన తల ఎత్తి చూసుకోవడం, చేప తలకాయ గరిటలో పట్టుకుని ఎవరి కంచంలో వెయ్యాలో తెలియనట్టు ఆగడం. పక్కన ఉన్నప్పుడే ఇంత ఉన్న పిల్ల, లేకపోతే ఎంత అవుతుంది? నాకు భయం వేసింది.

"ఉండనీ నాయనా" అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. ఆముదం, కాలిన గిట్ట, బొగ్గు కలిసిన వాసన. చాలాసేపు ఉంటుందనుకున్నాను ఆ చెయ్యి. కానీ ఆయన వెంటనే లేచి, దాదాపు పరుగులాంటి నడకతో బస్తాల వెనక్కి పోయాడు, ఆమెకి చెప్పడానికి.

మామ ఒక్కడే గూడూరు బండెక్కాడు, వదిన ఉండిపోయింది. ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే బడికి పోయాం, ఒక మామిడిపండు ఇద్దరం చీకాం. టెంక ఎవరిదని రోజూ తగాదానే. అమ్మ చెప్పింది నిజం, ఎదురుగా ఉంటే పోట్లాడుకోవచ్చు. ఆ తర్వాత నన్ను కూడా పాకలోకి రానిచ్చారు. కానీ అప్పటికే ట్రంకు రోడ్డు మీద బస్సులు ఎక్కువయ్యాయి. స్టేషను దగ్గర జట్కాలు ఒక్కోటే తగ్గిపోయాయి. సాయిబు గుర్రాన్ని ఎవరికో ఇచ్చేసి, బస్టాండులో టీ కొట్టు పెట్టుకున్నాడు. నాకు పనిముట్లు అందించే వంతు వచ్చేసరికి నాయన చెయ్యి చాపడానికి గుర్రాలు లేవు. ఎప్పుడో ఒక ఎద్దు వచ్చేది. తర్వాత అదీ లేదు. పాకలో మేకల్ని కట్టేశాం.

వదినని వెంకటాచలంలో ఇచ్చారు, నన్ను నెల్లూరులో. అమ్మ ముందు పోయింది. నాయన చాలాకాలం ఉన్నాడు. ఆయన పోయిన రోజు చర్చిలో పాస్టరు గారు కొత్తగా వచ్చినాయన, మమ్మల్ని ఎరగడు. కుటుంబం వాళ్ళు ముందు వరసలో కూర్చోవాలని చెప్పి, కూతురెవరమ్మా అని అడుగుతూ వదినవైపు చూశాడు. చూడడా మరి, నిలబడలేకుండా ఏడుస్తున్నది ఆమే. నాకు కళ్ళు తడిశాయి అంతే.

వదిన పైట కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను కాదండీ, అదుగో ఆమె కూతురు. నేను మేనకోడల్ని" అని చెప్పి, ఎవరూ చెప్పకుండానే వెనక వరసలోకి పోయి కూర్చుంది. ఎంత అలవాటుగా అంది ఆ మాట. ఆ ఇంట్లో పెరిగిన ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పుకోవలసి వచ్చిందో ఆమెకి.

ముందు వరస బల్ల మీద నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. చిన్నప్పుడు నేను కోరుకున్నది అదే కదా, ఆయన దగ్గర నేను ఒక్కదాన్నే ఉండాలని. ఆ పొడుగాటి బల్ల మీద ఎంతసేపో కూర్చోలేకపోయాను. వెనక్కి తిరిగి, రా వదినా అన్నాను. వచ్చి పక్కన కూర్చుంది, నా చెయ్యి పట్టుకుంది, మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. మా నాయన కోసం నాకంటే ఆమే బాగా ఏడ్చింది. ఇన్నేళ్ళు గడిచినా, దానికి కూడా నాకు కొంచెం కుళ్ళుగానే ఉంటుంది.